నింద తల్లికి, నష్టం బిడ్డకు

భూదాన్ పోచంపల్లిలో మా తమ్మునిది పట్టు నూలు, రంగులు అమ్మే చిన్న దుకాణం. మూడేళ్ళు కూడా నిండని అతని కొడుకు ఆ దుకాణంలో కూర్చుని నూలు కండెలను రంగు రంగుకూ వేరు చేసి వరుసగా పేర్చేవాడు. ఎరుపు పక్కన ఎరుపు, పసుపు పక్కన పసుపు. ఒక్క కండెను ఎవరైనా జరిపితే గుక్కపట్టి ఏడ్చేవాడు. "ఎంత తెలివో చూడండి" అని మేమంతా మురిసిపోయేవాళ్ళం.

పేరు పెట్టి పిలిస్తే వాడు తిరిగి చూసేవాడు కాదు. కావలసిన వస్తువును వేలితో చూపించేవాడు కాదు. మా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి దాని మీద పెట్టేవాడు. ఏడాదిన్నరకు వచ్చిన 'పానీ', 'అమ్మీ' అన్న రెండు మాటలూ రెండేళ్ళు నిండేసరికి పోయాయి. ఇవేవీ మేము పట్టించుకోలేదు. పట్టించుకున్నది తల్లి ఒక్కతే.

"వీడు నన్ను అమ్మీ అనడం మానేశాడు, బడే భాయీ" అని ఆమె ఒకరోజు మాతో అన్నది. అప్పుడు మా ఇంట్లో ఆమెకు దొరికిన జవాబులు ఇవి. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి, వీడి తాతకూ నాలుగేళ్ళకు వచ్చాయి. దిష్టి తగిలింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంలో బయట తిరిగావు. ఫోను చేతికిచ్చి నీ పని నువ్వు చేసుకుంటున్నావు, వాడు మాట్లాడేదెప్పుడు? ఈ చివరి మాట అన్నది మేమే. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

ఆ మాటలు విన్నాక ఆమె మళ్ళీ అడగలేదు. దాదాపు రెండేళ్ళు గడిచాయి. బిడ్డకు ఎంతో విలువైన రెండేళ్ళు అవి.

ఏమిటీ ఆటిజం?

అంగన్‌వాడీకి వచ్చిన ప్రభుత్వ వైద్య బృందం వాడిని చూసి పరీక్ష చేయించమన్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్ళి పిల్లలను పరీక్షిస్తాయి. ఆటిజం అనే మాట మా ఇంట్లో మొదటిసారి వినిపించింది ఆ రోజునే.

ఆటిజం అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, పెంకితనం అసలే కాదు. పుట్టుకతోనే మెదడు అమరిక వేరుగా ఉండటం. అటువంటి బిడ్డకు ఎదుటివారి ముఖకవళికలు, మాటల్లోని భావం సులభంగా అందవు. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం ఇష్టం. రోజూ వెళ్ళే దారి మారితే కలత. మనకు మామూలుగా అనిపించే మిక్సీ చప్పుడు, అత్తరు వాసన, పండుగనాటి కొత్త బట్టల గరగర కొందరికి భరించరానివి. అందరికీ ఒకే తీరున ఉండదు. కొందరికి మాటలే రావు. కొందరు అనర్గళంగా మాట్లాడతారు, చదువులో ముందుంటారు, కాని నలుగురిలో ఇమడలేరు. ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు బయటపడదు. సిగ్గరి పిల్ల అని సరిపెట్టేస్తాం.

అమెరికాలోని బాల్టిమోర్‌లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఈ పేరు వైద్యలోకంలో స్థిరపడింది. అంతకు చాలాముందే, 1920లలోనే, సోవియట్ వైద్యురాలు గ్రూన్యా సుఖరేవా ఇటువంటి పిల్లలను వర్ణించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో ప్రతి 127 మందిలో ఒకరు ఆటిజం ఉన్నవారు. అంటే ఒక మోస్తరు బస్తీ మసీదుకు జుమా నమాజుకు వచ్చే కుటుంబాలలో ఒకటి రెండింటికైనా ఈ సంగతి స్వానుభవమే. వారు చెప్పుకోరు, మనం అడగం.

ఇదొక్కటే కాదు. ఒకచోట కూర్చోలేని, ధ్యాస నిలవని పిల్లలుంటారు. దాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. అక్షరాలు తారుమారయ్యే పిల్లలుంటారు. అది డిస్‌లెక్సియా. చుక్కల తేడాతోనే మారిపోయే బే, తే, సే అక్షరాల దగ్గర రోజుల తరబడి ఆగిపోయి, మక్తబ్‌లో బెత్తం దెబ్బలు తిన్న పిల్లలు మనకు తెలియనివారు కారు. 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో హైదరాబాద్ సహా దేశంలోని 5 ప్రాంతాల్లో 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలను పరీక్షించారు. వినికిడి లోపం, మూర్ఛ మొదలు ఆటిజం, చదువు చిక్కుల దాకా మెదడు ఎదుగుదలకు సంబంధించిన తొమ్మిదింటిలో ఏదో ఒకటి సుమారు ఎనిమిది మందిలో ఒకరికి కనిపించింది.

తల్లిని నిందించడం కొత్త కాదు

మా ఇంట్లో తల్లి మీద వేసిన నింద పల్లెటూరి అజ్ఞానమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. చదువుకున్న అమెరికాలో పేరుమోసిన నిపుణులు కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు. తల్లి ప్రేమ చల్లబడిపోవడం వల్లనే బిడ్డ ఇలా తనలోకి ముడుచుకుంటాడని వారి వాదన. అటువంటి తల్లులకు 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని పేరు కూడా పెట్టారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఈ వాదంతో ఒక పుస్తకమే రాశాడు. ఎందరో తల్లులు బిడ్డను తామే చెడగొట్టామని కుమిలిపోయారు.

ఈ వాదాన్ని గట్టిగా ఎదిరించినవారిలో ఒక తండ్రి ఉన్నాడు. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. అతని కొడుక్కి ఆటిజం. ఇది పెంపకం లోపం కాదు, శరీర నిర్మాణానికి సంబంధించినదని 1964లోనే పుస్తకం రాసి వాదించాడు. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు ఆ మాటనే బలపరచాయి. ప్రధానంగా జన్యువులు కారణం, పెంపకం కాదు. గ్రహణమూ కాదు. ఫోను కూడా ఆటిజానికి కారణం కాదు. పసివాడి చేతికి గంటలకొద్దీ ఫోను ఇవ్వడం మంచిది కాదన్నది నిజమే. వాడితో మాట్లాడే సమయాన్ని అది తినేస్తుంది. అయితే ఆ లెక్కన ఇంటిల్లిపాదీ దోషులే. తల్లి ఒక్కతే ఎలా అవుతుంది?

టీకాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆటిజానికి ఎంఎంఆర్ టీకా కారణం కావచ్చునంటూ 1998లో బ్రిటన్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్, అతని సహచరులు లాన్సెట్ పత్రికలో రాశారు. వారు చూసింది 12 మంది పిల్లలను. ఆ వ్యాసంలో అక్రమాలు జరిగాయని తేలడంతో 2010లో పత్రిక దానిని ఉపసంహరించుకుంది. అదే ఏడాది వేక్‌ఫీల్డ్ పేరును బ్రిటన్ వైద్యుల జాబితా నుంచి తొలగించారు. డెన్మార్క్‌లో 6.5 లక్షలకు పైగా పిల్లల వివరాలు పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని మళ్ళీ తేల్చింది. అయినా ఆ పాత భయం మన మొహల్లాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. టీకా మానేస్తే ఆటిజం ఆగదు. తట్టు మాత్రం వస్తుంది.

తావీజు దగ్గర పోయిన కాలం

మా కుటుంబం ఏం చేసిందో దాచుకోకుండా చెబుతాం. మాటలు రావడానికి తావీజు కట్టించాం. ఒక ఆమిల్ దగ్గరికి వెళితే జిన్ను పట్టిందన్నాడు. ధూపం వేసినప్పుడు ఆ పొగకు, ఆ అరుపులకు బిడ్డ బెంబేలెత్తి తల నేలకేసి కొట్టుకున్నాడు. "చూశారా, లోపల ఉన్నది ఎలా తన్నుకుంటున్నదో" అన్నాడతను. పొగకూ అరుపుకూ వాడు భయపడ్డాడని ఆ గదిలో తెలిసింది తల్లికి మాత్రమే. ఆమె బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చేసింది. ఆ రోజు కూడా మేము ఆమెనే తప్పుపట్టాం.

దువా చేయడం తప్పని మేము అనడం లేదు. బిడ్డకోసం చేతులెత్తని తల్లిదండ్రులెవరు? దువా పేరుతో దవాను ఆపడం, బిడ్డను హింసించడం తప్పు. ఆ దారి చివర ఏముంటుందో తమిళనాడులోని ఏర్వాడిలో దేశమంతా చూసింది. అక్కడి దర్గాకు స్వస్థత కోసం వచ్చే మానసిక రోగులను ప్రైవేటు వ్యక్తులు నడిపే పాకల్లో గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6న ఒక పాకకు నిప్పంటుకుంటే సంకెళ్ళు విప్పుకోలేక 28 మంది కాలిపోయారు. వారిది ఆటిజం కాదు, మానసిక వ్యాధి. కాని వారిని అక్కడికి చేర్చినవీ ఇవే నమ్మకాలు, ఇదే సిగ్గు.

దీనికి మరో ముఖం కూడా ఉంది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర 2008లో 'దవా - దువా' అనే కార్యక్రమం మొదలైంది. దర్గా ఆవరణలోనే మానసిక వైద్యులు కూర్చుంటారు. ముజావర్లు దువా చేసి, పక్కనే ఉన్న వైద్యుని దగ్గరికి పంపుతారు. ఇది మనకు కొత్త సంప్రదాయం కాదు. కైరోలో 1284లో కట్టిన మన్సూరీ బీమారిస్తాన్‌లో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. తుర్కీలోని ఎదిర్నెలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1488లో కట్టించిన ఆస్పత్రిలో నీటి సవ్వడి, సంగీతం వినిపిస్తూ చికిత్స చేసేవారు. అంతటి వారసత్వం ఉన్నవాళ్ళం మనం. ధూపం పొగ దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

ఏం చేయాలి, ఎక్కడికి వెళ్ళాలి?

తొమ్మిది నెలలకు కూడా పేరు పిలిస్తే స్పందించకపోవడం, ఏడాదికి వేలు చూపడం, టాటా చెప్పడం వంటి సైగలు లేకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనలేకపోవడం - ఇవి చూపించుకోవలసిన గుర్తులు. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. గుర్తులున్నంత మాత్రాన ఆటిజం అని కాదు. చెవుడు కూడా కావచ్చు. అందుకే మొదట వినికిడి పరీక్ష చేస్తారు.

మన ప్రాంతం వారికి ఒక అదృష్టం ఉంది. బుద్ధి ఎదుగుదల సమస్యలున్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో స్థాపించిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. దేశం నలుమూలల నుంచి తల్లిదండ్రులు రైళ్ళెక్కి అక్కడికి వస్తారు. పోచంపల్లి నుంచి మనకు ఒక పూట ప్రయాణం. ప్రభుత్వ ఆస్పత్రులలోని బాలల సత్వర చికిత్సా కేంద్రాలు కూడా ఉన్నాయి.

అక్కడ మందు ఇచ్చి నయం చేస్తారని ఆశపడి వెళ్ళవద్దు. ఆటిజానికి మందు లేదు. బిడ్డకు నేర్పే పద్ధతులుంటాయి. మాట నేర్పేవారు, చేతిపనులూ రోజువారీ అలవాట్లూ నేర్పేవారు ఉంటారు. మాట రాని బిడ్డ బొమ్మ కార్డు చూపి నీళ్ళడగడం నేర్చుకుంటాడు. కార్డులు అలవాటైతే మాట రాదేమోనని మేము భయపడ్డాం. ఆ భయం అక్కరలేదు. తన కోరిక చెప్పుకోగలిగిన బిడ్డకు ఏడుపు తగ్గుతుంది. నయం చేస్తామని లక్షలు అడిగేవారిని నమ్మవద్దు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయలేమని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డే తేల్చి చెప్పింది.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన ప్రశ్న ఒకటుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషలతో బిడ్డ తికమకపడి మాట్లాడడం లేదా? ఇంట్లో ఉర్దూ మానేయాలా? రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లల మాటకు హాని చేయదని పరిశోధనలు చెబుతున్నాయి. దాదీ, నానీ ఏ భాషలో ముద్దు చేస్తారో ఆ భాష బిడ్డ హక్కు. దానిని లాగేసుకోవద్దు.

చట్టం కూడా మన వైపే ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు ఉంది. దాని కింద నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభిస్తుంది. బిడ్డకు 18 ఏళ్ళు నిండాక తల్లిదండ్రులకు సంరక్షక హోదాను కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ఇస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం లేక ఆపైన ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ముందు యూడీఐడీ కార్డు తీసుకోండి. కార్డు తీసుకుంటే బిడ్డ మీద ముద్ర పడుతుందని, పెళ్ళిళ్ళకు అడ్డమని వెనకాడేవారున్నారు. ముద్ర ఎలాగూ మనమే వేస్తున్నాం. కార్డు వేసేది కాదు అది.

వసారాలో రెండు వాదనలు

థెరపీ కేంద్రాల వసారాలో పిల్లల కోసం వేచి ఉండే తల్లిదండ్రుల మాటలు మేము ఎన్నోసార్లు విన్నాం. అందులో రెండు తీరులున్నాయి. ఒకరు ఏదో ఒక రోజు మా బిడ్డ మామూలు పిల్లవాడవుతాడని ప్రతి కొత్త చికిత్స వెంట పరుగు తీస్తారు. గోధుమ మానేస్తారు, పాలు మానేస్తారు, అప్పు చేస్తారు. ఇంకొకరు మా బిడ్డ ఇలాగే పుట్టాడు, ఇలాగే బాగున్నాడు, మారవలసింది మీరే అంటారు. ఈ రెండో మాట మొదట గట్టిగా అన్నది ఆటిజం ఉన్నవారే. అమెరికాకు చెందిన జిమ్ సింక్లెయిర్ 1993లోనే తల్లిదండ్రులను ఉద్దేశించి రాశాడు. మీరు కలగన్న బిడ్డ రాలేదని ఏడుస్తూ కూర్చుంటే, వచ్చిన బిడ్డ ఎదురుచూస్తూనే ఉంటాడని అతని వాదన సారాంశం. మెదడు తీరుల్లో వైవిధ్యం సహజమనే ఆలోచన అప్పటి నుంచి పెరుగుతూ వచ్చింది.

ఒకరి బిడ్డ మాటలతో బడికి వెళుతుంటే, మరొకరి బిడ్డ పదేళ్ళకూ రాత్రుళ్ళు నిద్రపోక తనను తాను కొరుక్కుంటున్నాడు. అటువంటి తల్లికి 'ఇది వైవిధ్యమమ్మా' అని చెబితే కడుపు మండుతుంది. ఆమెకు కావలసింది రెండు గంటలు బిడ్డను చూసుకునే మనిషి. ఇద్దరి మాటలోనూ నిజముంది. బిడ్డకు నేర్పాలి, బిడ్డను ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా నేర్పబోతే అది దండన అవుతుంది. ఈ దేశంలో ఆటిజం గురించిన పని ఎక్కువగా మొదలుపెట్టింది కూడా తల్లులే. ఢిల్లీలోని యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను 1991లో స్థాపించిన మెర్రీ బరువా ఆటిజం ఉన్న బిడ్డ తల్లి. ఏటా ఏప్రిల్ 2న జరిగే ప్రపంచ ఆటిజం దినానికి 2007లో ఐక్యరాజ్య సమితిలో తీర్మానం పెట్టింది ఒక ముస్లిం దేశం, ఖతార్.

మసీదు తలుపు దగ్గర

బిడ్డకు ఆరేళ్ళప్పుడు మా తమ్ముడు జుమాకు తీసుకుని వచ్చాడు. చివరి సఫ్‌లో నిలబెట్టాడు. వాడు చిన్నగా గునుస్తూ అటూ ఇటూ నడిచాడు. సలాం తిప్పగానే ఒక పెద్దమనిషి "ఇలాంటివాడిని ఇంట్లో ఉంచాలి, నమాజు చెడగొట్టడానికి తెస్తారా" అన్నాడు. మేము పక్కనే ఉన్నాం. నోరెత్తలేదు. చాలా నెలలు మా తమ్ముడు తలవంచుకుని ఒంటరిగా వచ్చి వెళ్ళాడు.

దివ్య ఖుర్‌ఆన్‌లోని 80వ సూరా 'అబస' ఎందుకు అవతరించిందో మన పిల్లలకు కూడా తెలుసు. మహనీయ ముహమ్మద్ (స) ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్న వేళ హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అనే అంధుడు వచ్చి మాటకు అడ్డం తగిలారు. ఆయన నుంచి ముఖం తిప్పుకున్నందుకు దైవం తన ప్రవక్తనే హెచ్చరించాడు. ఆ తర్వాత ఆ అంధునికి దక్కిన గౌరవం అందరికీ తెలిసిందే. మదీనాలో అజాన్ పలికినవారిలో ఆయన ఒకరు. ప్రవక్త (స) ప్రయాణమైనప్పుడు మదీనాలో తమ ప్రతినిధిగా ఆయనను ఉంచి వెళ్ళిన సందర్భాలున్నాయి. మాట మధ్యలో వచ్చిన మనిషి విషయంలోనే ఇంత పట్టింపు ఉంటే, నమాజులో గునిసిన పసివాడి విషయంలో మనం ఎలా ఉండాలి?

మసీదు కమిటీలు చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. లౌడ్‌స్పీకరుకు దూరంగా, తలుపు దగ్గర అటువంటి బిడ్డకూ తండ్రికీ చోటు ఉంచవచ్చు. ఖుత్బాలో ఏడాదికి ఒకసారైనా ఈ సంగతి చెప్పవచ్చు. మక్తబ్ ఉస్తాద్‌కు బెత్తం పక్కన పెట్టమనవచ్చు. ఇరుగుపొరుగు ఆ తల్లిని పెళ్ళికి పిలిచి "బిడ్డను కూడా తీసుకురా" అనవచ్చు.

మా బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. బొమ్మ కార్డులతో అన్నం, నీళ్ళు, బయటికి పోదాం అని అడుగుతాడు. మాటలు పదిహేను దాకా వచ్చాయి. అందులో సగం రంగుల పేర్లు. సాయంత్రాలు పక్కింటి పద్మశాలి వారి గుంట మగ్గం దగ్గర కూర్చుంటాడు. మిక్సీ చప్పుడుకు చెవులు మూసుకునేవాడు ఆ మగ్గం చప్పుడుకు మాత్రం నెమ్మదిస్తాడు. ఆ ఇంటి పెద్దయ్య వాడిని ఎన్నడూ పొమ్మనలేదు. రంగు కండెలు వాడి ముందు పెట్టి తన పని తాను చేసుకుంటాడు. ఏ చదువూ, ఏ శిక్షణా లేకుండా ఆయన చేసినంత మా ఇంట్లో మేము చేయలేదు.

వాడు 'అమ్మీ' అని మళ్ళీ అన్నది ఏడో ఏట. ఆమె వంటింట్లో నుంచి పరుగెత్తుకుని వచ్చింది. మేమంతా అక్కడే ఉన్నాం. అన్న మాటలకు మేము ఆమెను క్షమాపణ అడిగాం. "బిడ్డకోసం దువా చేయండి, బడే భాయీ, థెరపీకి తీసుకెళ్ళడానికి వారానికి ఒకరోజు మీరు కూడా రండి" అన్నది. క్షమించానని అనలేదు. మేము వెళుతున్నాం.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక తల్లి "వీడు పిలిస్తే చూడడం లేదు" అంటే, దయచేసి ఆమెకు జవాబు చెప్పకండి. ఆమెతోపాటు బయలుదేరండి.